పదకొండు రోజుల పథ్యం

ఆపరేషన్ అయింది అజయ్‌కి. మంచమెక్కి పడుకోవలసి వచ్చింది మాత్రం శ్రీవాసవికి.

కింద కారు దగ్గరున్న డ్రైవరు ఏసేపు ఫోన్ చేశాడు. "అక్కా, పెద్దమ్మ వచ్చినారు. క్యారియర్ పట్టుకోని మెట్లెక్కుతాండారు."

మైదుకూరులో మొదటి బస్సెక్కి అత్త కర్నూలు ఆస్పత్రి దాకా వస్తుందని మొగుడూ పెళ్ళాలు ఇద్దరూ కలలో కూడా అనుకోలేదు. అజయ్ దుప్పటి తోసేసి, కాళ్ళు రెండూ ఎడంగా పెట్టి, పళ్ళు బిగబట్టుకుని మంచం దిగాడు. "నువ్వు పడుకో వాసూ, తొందరగా పడుకో" అన్నాడు. పెళ్ళయిన ఏడేళ్ళలో తన చోటు ఆమెకు ఇవ్వడం అదే మొదలు.

శ్రీవాసవి పడుకుని దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. అతని ఐసు సంచి నడుము కింద చల్లగా తగిలింది. తీసి పక్కన పెట్టేంత వ్యవధి లేదు. దాని మీదే సర్దుకుంది.

నాగరత్నమ్మ లోపలికి వస్తూనే కోడలి మొహం చూడలేదు, కొడుకు మొహం చూసింది. "ఏంరా నాయనా, ఇట్లా పీక్కపోయినావు? రాత్రంతా దీనికి కాపలా కాసినావా? కూచో, కూచో."

"వద్దు మా, నిలబడతాలే" అన్నాడు అజయ్. కూర్చోవడం ఎంత కష్టమో అతనికి తెలుసు.

"కూచోరా అంటాంటే!" ఆమె భుజం పట్టుకుని స్టీలు కుర్చీలో కూలేసింది. అజయ్ నోట్లోంచి వచ్చిన శబ్దాన్ని ఆవులింతగా మార్చుకున్నాడు.

అత్త క్యారియర్ విప్పింది. మిరియాల చారు, మెత్తగా వండిన పాత బియ్యం అన్నం, వేయించిన వెల్లుల్లి. "కడుపు కోసినోళ్ళకు పదకొండు దినాలు ఇదే పథ్యం. నూనె లేదు, నెయ్యి లేదు, పెరుగు లేదు. వినబడతాందా మే?" అని కోడలితో చెప్పి, ఇంకో గిన్నె తీసి కొడుకు ముందు పెట్టింది. అందులో బెల్లం పూర్ణం పెట్టి కాల్చిన, నెయ్యి కారుతున్న ఓళిగలు.

అంతలో నర్సు తిరుపతమ్మ సూది పట్టుకుని వచ్చింది. మంచం మీద ఉండాల్సిన మనిషి కుర్చీలో, కుర్చీలో ఉండాల్సిన మనిషి మంచం మీద, మధ్యలో చారు గిన్నెతో ఒక పెద్దామె. ఒక్క క్షణం ఆగింది. నెలకు ఇలాంటి వాళ్ళను నలుగురైదుగురిని చూసే మనిషి కాబట్టి ఏమీ అడగలేదు. సూదిని ట్రేలో గుడ్డ కింద దాచి, "సార్, ఒక సంతకం పెట్టల్ల, పక్క గదిలోకి రాండి" అంది. అజయ్ సంతకం పెట్టడానికి వెళ్ళి, తుంటి రుద్దుకుంటూ తిరిగొచ్చాడు.

*

అజయ్, శ్రీవాసవి మేనత్త మేనమామ బిడ్డలు. పెళ్ళికి ముందు కూడా ఆమె అతన్ని బావా అనే పిలిచేది, నాగరత్నమ్మను అత్తా అనే. కాబట్టి పెళ్ళయిన తర్వాత కొత్తగా నేర్చుకోవలసినవి పెద్దగా ఏమీ లేవు, అబద్ధం చెప్పడం తప్ప.

మైదుకూరు మెయిన్ రోడ్డులో అజయ్‌ది విత్తనాల అంగడి. మొలక రాలేదని రైతు ఎవరైనా ఖాళీ ప్యాకెట్ పట్టుకుని వస్తే, "విత్తనంలో ఏం లేదప్పా. నీ నేలలోనే ఏదో ఉండాది. మట్టి పరీక్ష చేపిచ్చుకో పో" అని పంపేస్తాడు. ఆ మాట నోటికి బాగా అలవాటైన మాట. అంగడికి తాళం వేసి ఇంటికొచ్చాక కూడా పనికొచ్చింది.

నాలుగేళ్ళ కిందట కడపలో ఇద్దరికీ పరీక్షలు చేశారు. ఆమె కాగితాల్లో అన్నీ సక్రమంగా ఉన్నాయి. అతని వీర్యం రిపోర్టులో అంకె ఉండవలసిన చోట సున్నా ఉంది. తక్కువ కాదు, బలహీనం కాదు, సున్నా. అజయ్ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుని, కారులో ఆమె చెయ్యి పట్టుకుని తన నెత్తిన పెట్టుకున్నాడు. "అమ్మకు చెప్పనని ఒట్టెయ్యి వాసూ. అంగట్లో తలెత్తుకోలేను" అన్నాడు. ఏడ్చాడు కూడా. ఏడ్చే మగవాణ్ణి అంత దగ్గరగా చూడటం ఆమెకు అలవాటు లేదు. ఒట్టు వేసింది. నెలా రెండు నెలల మాట అనుకుంది.

ఆ చెయ్యి నాలుగేళ్ళుగా అతని నెత్తి మీదే ఉండిపోయింది.

ఈలోగా ఆమె ఒంటిమిట్టలో తడిచీరతో నూట ఎనిమిది ప్రదక్షిణలు చేసింది. ఎవరో చెప్పారని అత్త తెప్పించిన ఆకుపసరు పరగడుపున తాగి రెండు రోజులు వాంతులు చేసుకుంది. ఆ రెండు రోజులూ అత్త వీధిలో "ఏమోనమ్మా, నెల తప్పినట్లుండాది" అని చెప్పుకుని, మూడో రోజు నుంచి ఆ వాంతులకు కూడా కోడలినే తప్పు పట్టింది. సీమంతాల్లో శ్రీవాసవి చాప చివర కూర్చోవడం నేర్చుకుంది. బి.కాం. ఫస్టు క్లాసులో పాసైన మనిషి కాబట్టి తొందరగానే నేర్చుకుంది.

ఆఖరుకు కర్నూలులో డాక్టరు సుందరం ఒక దారి చెప్పాడు. "వీర్యంలో కణాలు కనిపించనంత మాత్రాన లోపల అసలు లేవని కాదు. వృషణాన్ని తెరిచి, మైక్రోస్కోపు కింద చూస్తూ వెతుకుతాం. ఏ మూలనైనా పది కణాలు దొరికినా చాలు. వాటితో ల్యాబులో పిండం తయారు చేసి అమ్మ గర్భంలో పెడతాం."

అజయ్ ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. ఇంట్లో మాత్రం శ్రీవాసవికి గర్భసంచి దగ్గర ఏదో అడ్డం ఉందనీ, అది తీస్తారనీ చెప్పాలి. అబద్ధానికి ఆస్పత్రి కూడా తెలియకుండానే సాయం చేసింది. పిల్లల కోసం వచ్చే వాళ్ళ ఫైలు అక్కడ భార్య పేరు మీదే తెరుస్తారు. లోపల ఎవరి కథ ఉన్నా అట్ట మీద పేరు ఆమెదే.

ఆపరేషన్ మూడు గంటలు పట్టింది. బయట బెంచీ మీద శ్రీవాసవి ఒంటిమిట్ట రాముడికి మొక్కుకుంది. ఈసారి తన కోసం కాదు కాబట్టి వింటాడేమో అనుకుంది. డాక్టరు సుందరం టోపీ తీసి చేతిలో పట్టుకుని వచ్చాడు.

"ఇవాళ దొరకలేదమ్మా. రెండు పక్కలా వెతికాం."

ఆమె బెంచీ మీంచి లేచి నిలబడింది.

"అయితే ఒక ముక్క తీసి పెట్టాను. దీన్ని పెద్ద ల్యాబులో చూపిస్తే లోపల ఏం జరుగుతోందో తెలుస్తుంది. కణాలు సగం దాకా తయారై ఆగిపోతున్నాయని వస్తే, కొన్నాళ్ళు మందులు వాడి మళ్ళీ వెతకొచ్చు. అసలు తయారే కావడం లేదని వస్తే ఇంక కోయడం అనవసరం, వేరే దారి మాట్లాడుకుందాం. ఏదైనా ఈ ముక్కే చెప్పాలి. జాగ్రత్తగా తీసుకుపోండి. ఇంకోటి లేదు."

బొటనవేలంత ప్లాస్టిక్ డబ్బా. లోపల నీళ్ళలాంటి మందులో బియ్యపు గింజ కంటే కొంచెం పెద్దదైన తెల్లటి తునక. డబ్బా మీద ఫైలు తాలూకు చీటీ అంటించి ఉంది: శ్రీవాసవి, ముప్పై ఒక్క సంవత్సరాలు.

*

డిశ్చార్జి అయ్యాక ఏసేపు కారు తెచ్చాడు. అజయ్ ముందు సీటులో, ఆడవాళ్ళిద్దరూ వెనక. "ముందు ల్యాబుకు పోనీ ఏసేపూ" అంది శ్రీవాసవి.

"ల్యాబెందుకు మళ్ళా?" అంది నాగరత్నమ్మ.

"ముక్క తీసినారు మా, పరీక్షకు" అన్నాడు అజయ్ ముందు నుంచి. ఎవరి ముక్కో చెప్పలేదు.

"ముక్కా? ఏదీ, చూపీ."

"చూసేదేముండాది అత్తా, మందులో వేసినారు."

"చూపీమ్మా, చూస్తే కరిగిపోతాదా!" అంటూ అత్త కోడలి ఒళ్ళోని హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టి తనే తీసింది. కళ్ళద్దాలు ముక్కు మీదికి జరుపుకుని డబ్బాను కిటికీ వెలుతురుకు పట్టింది. చీటీ మీద పేరును పెదవులు కదుపుతూ చదివింది. ఆమె మొహం నెమ్మదిగా ఎర్రబడింది.

"ఇదేనా? ఇంతుండి ఏడేండ్లు నా ఇంటికి అడ్డం పడింది ఇదేనా?"

డబ్బాను పిడికిట్లో బిగించింది.

"ఏసేపూ, ఆపు. కాలవ వంతెన మీద ఆపు."

"అత్తా, అది ల్యాబుకు ఇయ్యల్ల. డాక్టరు చెప్పినాడు" అంది శ్రీవాసవి.

"డాక్టర్లకేం, ఊడిన గోరు చూపిచ్చినా పరీక్ష అంటారు. ఒంట్లోంచి బయటపడిన దరిద్రాన్ని ఒళ్ళో పెట్టుకోని ఊరంతా తిప్పుతారా ఎవురన్నా? పారే నీళ్ళలో వదిలెయ్యల్ల. దిగండి ఇద్దురూ. తూర్పుకు తిరగండి."

కేసీ కాలువ నిండుగా, ఎర్రగా పారుతోంది. ఆటోలు హారన్ కొడుతూ పక్కనుంచి పోతున్నాయి. అజయ్ రెయిలింగు పట్టుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. శ్రీవాసవి అతని పక్కన నిలబడి అతని మొహంలోకి చూసింది.

ఒక్క మాట చాలు. అది నాది మా. మూడు ముక్కలు. కుట్ల మంట కంటే ఎక్కువ నొప్పి ఉండదు అందులో. ఆమే చెప్పి ఉండవచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. కానీ నాలుగేళ్ళుగా ఆమె చెప్పకపోవడం అతని కోసం. ఇప్పుడు చెప్పకపోవడం అతను ఏం చేస్తాడో చూడటం కోసం.

నాగరత్నమ్మ డబ్బాను కుడి చేతిలో పట్టుకుని ఇద్దరి తలల చుట్టూ తిప్పింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, నా కోడలి కడుపులో పడిన పాడు దిష్టి..."

ఒక చుట్టు. అజయ్ నీళ్ళ వైపు చూస్తున్నాడు.

రెండో చుట్టు. అతని గొంతు ఒకసారి పైకీ కిందికీ కదిలింది. శ్రీవాసవికి ఆశ పుట్టింది. అతను ఉమ్మి మింగుకున్నాడు, అంతే.

మూడో చుట్టు.

"ఉమ్ము నాయనా. మూడు తూర్లు" అంది తల్లి డబ్బాను అతని మొహం ముందు పెట్టి.

అజయ్ ఉమ్మాడు. తన ఒంట్లోంచి తీసిన దాని మీద తనే మూడుసార్లు, చెప్పిన మాట వినే పిల్లవాడిలా ఉమ్మాడు. తల్లి విసిరిన డబ్బా ఎండలో ఒకసారి మెరిసి ఎర్రనీళ్ళలో పడింది. మునగలేదు. కొంతదూరం దొర్లుకుంటూ నందికొట్కూరు వైపు కొట్టుకుపోయింది. శ్రీవాసవి చూస్తూ నిలబడింది. అడగవలసిన ప్రశ్నా, రావలసిన జవాబూ రెండూ ఆ డబ్బాలోనే పోతున్నాయి.

"పట్టింది వదిలింది" అంది నాగరత్నమ్మ కారెక్కుతూ. "వచ్చే ఏటికి నా ఒళ్ళో మనవడు లేకుంటే చూడు!"

మైదుకూరు దాకా ఆమె ఒక్కతే మాట్లాడింది.

*

ఇంట్లో పథ్యం పద్ధతిగా సాగింది. శ్రీవాసవికి పక్కగదిలో మంచం, మూడు పూటలా మిరియాల చారు. ఒళ్ళు కదలకూడదు, వంగకూడదు, బిందె ఎత్తకూడదు. డాక్టరు అజయ్‌కి రాసిచ్చిన జాగ్రత్తలన్నీ అత్త తనకు తెలియకుండానే తు.చ. తప్పకుండా కోడలితో చేయించింది.

అసలు రోగి అంగడికి పోయాడు. మూడో రోజు తల్లి బియ్యం బస్తా దించమంది. దించాడు. ఆ రాత్రికి వాపొచ్చింది.

"ఏందిరా, ఆంబోతు మాదిరి కాళ్ళు ఎడం పెట్టి నడుస్తాండావు?"

"నడుము పట్టింది మా."

"పట్టదా మరి! పెండ్లాం మంచమెక్కె, పనంతా నీ నెత్తిన పడె. రా, ఆముదం కాచి రుద్దుతా."

ఆముదం నడుముకు రాశారు. నొప్పి వేరేచోట ఉంది. పక్కగదిలో పడుకుని అవన్నీ వింటూ శ్రీవాసవి దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వు ఎంతసేపటికీ ఆగకపోయేసరికి, అది నవ్వు కాదని ఆమెకే అర్థమయింది.

తొమ్మిదో రోజు డాక్టరు ఫోన్ చేశాడు. ముక్క ల్యాబుకు చేరలేదేమని అడిగాడు. "కాలవలో పడిపోయింది సార్" అంది శ్రీవాసవి. అవతల కాగితాలు తిరగేసిన చప్పుడయింది. తర్వాత, "అయితే మళ్ళీ కోయాల్సిందేనమ్మా. అదీ ఆరు నెలలు ఆగి" అన్నాడు.

అజయ్ అన్నం తినడానికి వచ్చినప్పుడు చెప్పింది. అతను తల అడ్డంగా ఊపాడు. "ఇంక నా వల్ల కాదు వాసూ. మళ్ళీ కత్తి కిందికి పోలేను."

"వేరే దారుండాదని చెప్పినాడు కదా. ఇంకొకరి కణాలతో..."

"వద్దు. ఎవురి పోలికో వస్తే బజారంతా అడుగుతారు."

"పోనీ, ఎవురినన్నా పెంచుకుందాం."

"అమ్మ ఒప్పుకోదు."

"మరి అత్తకేం చెప్తావు బావా? వచ్చే ఏటికి మనవడని వీధంతా చెప్పుకుంటాంది."

అజయ్ నెయ్యన్నం కలుపుకుంటూ ఆలోచించాడు. "నీ ఆపరేషన్ పట్టలేదని చెప్తాం. కొన్నాళ్ళు అంటాది, తర్వాత తనే మానుకుంటాది." ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "నీకు అలవాటే కదా."

కోపంతో అన్న మాటైతే ఆమె మరిచిపోయేది. అతను ప్రేమగానే అన్నాడు. నాలుగేళ్ళుగా అతని నెత్తిన ఉన్న చెయ్యి ఆ మాటతో కిందికి దిగింది.

*

పదో రోజు పొద్దున, అతను అంగడికి పోయాక, శ్రీవాసవి ఫైలు తెచ్చి అత్త ముందు పెట్టింది. అట్ట తిప్పి లోపలి కాగితం చూపించింది. పేరు అజయ్. వయసు అజయ్‌ది. కింద సంతకం అజయ్‌ది.

"ఆపరేషన్ నాకు కాదత్తా. బావకు. లోపమూ నాది కాదు. కాలవలో పారేసినావే, అదీ నాది కాదు."

నాగరత్నమ్మ సంతకం మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. అంగడి రసీదుల మీద ఇరవయ్యేళ్ళుగా చూస్తున్న సంతకం.

"నా బిడ్డదా? నా చేత్తోనే..." అని ఆగిపోయింది. "దాని మీద వానితోనే ఉమ్మిపిస్తినే!"

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దేవుడి గూటి దగ్గరికి వెళ్ళి గోడకు ఆనుకుని కూర్చుంది. శ్రీవాసవికి ఏడేళ్ళలో మొదటిసారి ఆమె మీద జాలి కలిగింది. వెళ్ళి పక్కన కూర్చుంది. ఎంత చిన్న పని, ఇది ముందే చేసి ఉంటే అనిపించింది.

అత్త లేచి మొహం కడుక్కుని వచ్చింది. కోడలి చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆ చేతులు ఇంత మెత్తగా ఉంటాయని శ్రీవాసవికి తెలియదు.

"వాసవీ, నువ్వు నా అన్న బిడ్డవు. పరాయిదానివి కాదు. ఈ మాట ఈ గడప దాటగూడదు."

"దాటగూడదా?"

"వాడు మొగోడు. నలుగురిలో కూచోని యాపారం చేసుకునేటోడు. బయట పడితే బతకలేడు. నువ్వయితే ఇంట్లో ఉండేదానివి, నీకేం పోతాది? ఇన్నాళ్ళూ మోసినావు కదమ్మా." కోడలి గడ్డం పట్టుకుంది. "నీదే అనుకుందాం."

తెలియక అన్న మాటలు ఏడేళ్ళు పడింది. ఇప్పుడు తెలిసి అడుగుతున్నారు. అప్పటిదాకా కలిగిన జాలి చల్లబడిపోయింది. శ్రీవాసవి చెయ్యి వెనక్కి తీసుకుని, "పథ్యం రేపటితో అయిపోతాది కదత్తా" అంది.

"అయిపోతాదమ్మా" అంది నాగరత్నమ్మ, ఒప్పుకుందనుకుని.

*

పదకొండో రోజు మధ్యాహ్నం శ్రీవాసవి తలంటుకుని వంటింట్లోకి వచ్చింది. తనే వండింది. అజయ్‌కి కంచం పెట్టింది. మెత్తటి పాత బియ్యం అన్నం, మిరియాల చారు, వేయించిన వెల్లుల్లి నాలుగు రెబ్బలు. నాగరత్నమ్మ అలవాటు కొద్దీ నెయ్యి గిన్నె పట్టుకుని కొడుకు కంచం మీదికి వంగి, కోడలి మొహం చూసి ఆగింది. చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. కింద పెడితే నిజం ఒప్పుకున్నట్లు, వడ్డిస్తే కాదన్నట్లు. అజయ్ కంచంలోకి చూశాడు, తల్లి చేతికేసి చూశాడు, తలొంచుకుని చారు కలుపుకున్నాడు.

సరిగ్గా అప్పుడే పక్కింటి రమణి వచ్చింది. రమణి మొగుడిది కిరాణా అంగడి. మైదుకూరులో ఏ వార్తయినా ఆమె దగ్గర పొట్లం కట్టించుకునే పోతుంది.

"ఏం వాసవీ, తలంటుకున్నావే! పథ్యం విడిచినావా? కుట్లు మానినాయా?"

"మానినాయిలే రమణీ" అంది నాగరత్నమ్మ గబగబా. "పాపం, దాని రాత..."

"నాకు కుట్లు యాడుండాయక్కా?" అంది శ్రీవాసవి. గొంతు పెంచలేదు. ఉప్పు అందించమన్నట్లే అంది. "ఆపరేషన్ అయినాయన పథ్యం తింటాండాడు, చూడు."

రమణి చూసింది. అజయ్ కంచం, మిరియాల చారు, ఎడంగా పెట్టుకున్న కాళ్ళు. నాగరత్నమ్మ చేతిలోని నెయ్యి గిన్నె. రమణి మొహంలో ఒక్కొక్కటే ముడి విప్పుకుంటూ పోవడం ముగ్గురూ చూశారు.

"అబద్ధమని చెప్పరా!" అంది తల్లి.

అజయ్ వంతెన మీద లాగే ఉమ్మి మింగుకున్నాడు. ఏమీ అనలేదు. జీవితంలో మొదటిసారి ఆ మౌనం పెళ్ళాం పక్షాన పనిచేసింది.

రమణి స్టవ్ మీద పాలు పెట్టి వచ్చానని చెప్పి వెళ్ళిపోయింది.

పాలు పొంగే లోపలే మాట మెయిన్ రోడ్డెక్కింది. సాయంత్రానికి తిరిగి కూడా వచ్చింది, కొంచెం మారి. కుళాయి దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు కిటికీకి వినబడేట్లే మాట్లాడుకున్నారు.

"ఎంతయినా మొగునిది బయట పెట్టుకుంటాదా మే ఎవురన్నా?"

"సదువుకున్నది కదా. ఆ యప్ప ఎట్లా ఏగుతాండాడో ఏమో, పాపం!"

శ్రీవాసవి కిటికీ వెనక నిలబడి పూర్తిగా వింది. పొద్దుటిదాకా గొడ్రాలు. ఇప్పుడు మొగుడి పరువు తీసిన గయ్యాళి. మొదటి పేరు అతనిది, ఆమె మోసింది. ఈ రెండో పేరు మాత్రం సొంతంగా సంపాదించుకున్నది.

అజయ్ అంగడి తెరవలేదు, ఆమెతో మాట్లాడలేదు. అత్త గదిలోంచి బయటికి రాలేదు. శ్రీవాసవి ఒక్కతే కంచం పెట్టుకుని కూర్చుంది. అన్నం మధ్యలో గుంట చేసి, పదకొండు రోజుల బాకీ తీరేలా రెండు గరిటెల నెయ్యి వేసుకుంది. రుచి తెలియలేదు. అయినా మొత్తం తిన్నది.